రెండు చెంచాల మధ్య

నర్సుల హాస్టలు, మేడ మీద గది
ఆదివారం

వదిన గారికి,

మీ మరదలు రాస్తున్నది. చేరాను, బతికే ఉన్నాను. ఫోనులో ఇంతకంటే చెప్పలేకపోయాను, ఎందుకో మీకు తెలుసు. మీ తమ్ముడు స్పీకరు పెట్టి ఫోను తెచ్చి అత్తయ్య దిండు పక్కన పెట్టేస్తారు. నా గొంతు వినగానే ఆవిడ "నర్సమ్మా, ఎప్పుడొస్తావే" అని మొదలుపెడతారు. ఇక ఆ తర్వాత నేను ఏడవకుండా మాట్లాడలేను. అందుకే మనం అనుకున్నట్టు ఉత్తరాలే నయం. వీటిని ఎవరూ స్పీకరులో పెట్టలేరు.

గది చిన్నది. రెండు మంచాలు, ఒక బల్ల, గది తలుపు మూస్తే గాని తెరుచుకోని బీరువా. నాతో ఉండే అమ్మాయి మన పిల్ల కంటే నాలుగైదేళ్ళు పెద్దది అంతే. మొదటి రోజు "ఆంటీ" అంది. మర్నాడు వార్డులో చూస్తే నాకు పని నేర్పాల్సిన సిస్టరు ఆ అమ్మాయే. ఇద్దరం కాసేపు ఎటు చూడాలో తెలియక గోడలు చూశాం. ఇప్పుడు గదిలో నేను ఆంటీని, వార్డులో ఆమె చిన్న సిస్టరు.

ఇక్కడ అన్నీ మారిపోయాయి. మేం చేతితో రాసుకునే మందుల చీటీలు లేవు. రోగి మణికట్టుకి ఒక పట్టీ ఉంటుంది, దాని మీద గీతలుంటాయి. వాటికి ఒక యంత్రం చూపించి, తర్వాత మందుకి చూపిస్తే, సరైన మనిషికి సరైన మందు అయితే బీప్ అంటుంది. తప్పయితే గీపెడుతుంది. మొదటి వారం నా చేతిలో అది గీపెట్టినన్ని సార్లు మన పిల్ల పసితనంలో కూడా ఏడవలేదు.

నేను బయల్దేరేటప్పుడు మీరు అడిగారు, "ఇంతకీ ఏం చేస్తే నిన్ను మళ్ళీ నర్సు అంటారు" అని. హడావుడిలో సరిగా చెప్పలేదు. ఇన్నేళ్ళు మానేసినవాళ్ళు ఆరు నెలలు వేరే సిస్టరు కళ్ళ ముందు పనిచెయ్యాలి. ఆఖరున వార్డు పెద్ద సిస్టరు పక్కన నిలబడి చూస్తుంది. ఆవిడ సంతకం పెడితే నేను మళ్ళీ నర్సుని. పెట్టకపోతే లేదు. మన పిల్ల రెండో తరగతిలో ఉండగా అత్తయ్యకి పక్షవాతం వస్తే మానేసిన ఉద్యోగం ఇది. పిల్ల ఇప్పుడు కాలేజీలో ఉంది. ఈ ఉద్యోగం నాకు మళ్ళీ కావాలని రాయడానికి ఈ వయసులో సిగ్గుగా ఉంది. అయినా కావాలి.

అత్తయ్య సంగతి. పక్కలు మార్చడం మరిచిపోకండి, మడమల కింద మెత్త పెట్టండి. నీళ్ళు చెంచాతోనే ఇవ్వండి, గ్లాసుతో ఇస్తే పొలమారుతుంది. మాత్రలు మాత్రం ఏదైనా సరే నూరకుండా పెట్టొద్దు, ఆవిడ గొంతు దిగదు. మంచం పక్క గ్లాసులో రెండు చెంచాలుంటాయి. ఒకదానిలో మాత్ర వేసి రెండోదానితో అదమండి. పొడి అరటిపండు గుజ్జులో కలిపి పెట్టండి. తినిపించే ముందు చెంచా ఒకసారి ఆవిడకి చూపించాలి, లేకపోతే నోరు తెరవరు.

కాళ్ళు లాగేస్తున్నాయి. ఉంటాను.

మీ మరదలు

*

మీ ఇల్లు, నా మిషన్ పక్కన
శుక్రవారం

శ్రీమతి నర్సమ్మ గారి సముఖానికి,

ఉత్తరం అందింది. అందులో అమ్మ మాత్రల గురించి ఉన్నంత నా గురించి లేదు. వెతికాను, "వదిన గారికి" అన్నదొక్కటే కనిపించింది. సర్లే.

మీ ముందు గది ఇప్పుడు టైలరు షాపు. మిషన్ కిటికీ పక్కన వేయించాను, అక్కణ్ణించి అమ్మ మంచం కనిపిస్తుంది. నాకు మొగుడూ పిల్లలూ లేరు కాబట్టి నేనెప్పుడూ ఖాళీయే అని చుట్టాలందరి నమ్మకం. స్కూళ్ళు తెరిచే ముందు నా దగ్గర గుట్టగా పడే యూనిఫాంలు వాళ్ళెవరూ చూడలేదు. షాపుకి తాళం వేసి గుట్టంతా ఇక్కడికి మోసుకొచ్చాను. ఒక చొక్కాకి చెయ్యి వేస్తానో లేదో అమ్మ పిలుస్తుంది. లేచి వెళ్తే "ఏం లేదు, ఉన్నావా లేదా అని" అంటుంది. నిన్న ఒక నిక్కరుకి రెండు కాళ్ళూ ఎడమవే కుట్టాను.

మీ ఆయన, అదే నా ఘనమైన తమ్ముడు, లారీ ఎక్కి పోయాడు. వచ్చే వారం దాకా రాడు. పిల్ల బంగారం. సాయంత్రం వచ్చి నానమ్మ కాళ్ళు పడుతుంది, నాకు టీ పెట్టి ఇస్తుంది. అందులో పంచదార వేస్తే ఇంకా బంగారం.

అమ్మ నన్ను నానా తిప్పలు పెడుతోంది. కన్న కూతుర్ని, నేను పెడితే తినదు. "నర్సమ్మ అయితే ఇలా పెట్టదు" అంటుంది, ఆ సగం తిరిగే నోటితో. ఆ మాట మాత్రం ఎంత స్పష్టంగా వస్తుందో చూడాలి. నువ్వు ఆస్పత్రి మానేశాక కూడా నిన్ను నర్సమ్మ అని పిలిచింది అమ్మ ఒక్కతే, గమనించావా? మేమంతా మరిచిపోయాం.

డాక్టరు వచ్చి చూశాడు. రోజుకి మూడుసార్లు వేసే ఆ చిన్న బీపీ మాత్ర తీసేసి, ఇకమీదట పొద్దున ఒక్కటి చాలన్నాడు. నా నెత్తిన పాలు పోసినట్టయింది. అయితే పెద్దది, పైన పెంకులా నున్నగా ఉంది. నీ రెండు చెంచాల మధ్య పెట్టి నా బరువంతా వేస్తే గాని పగల్లేదు. ఒక చెంచా కాస్త వంగింది కూడా, వచ్చాక తిట్టకు. పొడి గుజ్జులో కలిపి పెట్టాను, నువ్వు చెప్పినట్టే. ఆ మాత్ర వేసుకున్నప్పట్నించీ పొద్దెక్కే సరికి హాయిగా కునుకు తీస్తోంది. ఆ కాసేపట్లో నాలుగు చొక్కాలు అవుతున్నాయి.

నా కొత్త ఉద్యోగం ఇది. జీతం ఎవరిస్తారో కనుక్కుని చెప్పు.

నీ వదిన

*

నర్సుల హాస్టలు
బుధవారం

వదిన గారికి,

జీతం సంగతి మీ తమ్ముణ్ణి అడగండి. నాకూ ఇన్నేళ్ళ బాకీ ఉంది, ముందు నాది తేలనివ్వండి.

రెండు నెలలు గడిచిపోయాయి. ఆలస్యానికి ఏమీ అనుకోకండి. డ్యూటీ దిగి వచ్చి బూట్లు విప్పకుండానే మంచం మీద ఒరుగుతున్నాను. నిద్రలో కూడా ఎవరో బెల్లు కొడుతున్నట్టే ఉంటుంది. లేచి చూస్తే చిన్న సిస్టరు అలారం.

యంత్రం ఇప్పుడు నా మాట వింటోంది. సూది పెట్టడం చేతికి వెంటనే వచ్చేసింది, నరం దొరకగానే పాత రోజులు గుర్తొచ్చాయి. పెద్ద సిస్టరు చూసి ఏమీ అనలేదు. ఆవిడ ఏమీ అనలేదంటే బాగా చేసినట్టు అని చిన్న సిస్టరు చెప్పింది. సన్నగా, పొడుగ్గా ఉంటుంది ఆవిడ. అలికిడి లేకుండా వెనక వచ్చి నిలబడుతుంది.

కిటికీ పక్క మంచం పెద్దాయన గురించి చెప్పాలి. చెప్పుల షాపు ఆయన. జీవితమంతా ఎదుటివాళ్ళ కాళ్ళు చూసి బతికారట, ఇప్పుడూ పలకరించే ముందు మన మొహం చూడరు. మొదటి రోజే నా బూట్లు చూసి, "ఒక సైజు తక్కువ వేసుకున్నావమ్మా" అన్నారు. కాదు, నా సైజు ఇదే అన్నాను. "అది నువ్వు ఉద్యోగంలో ఉన్నప్పటి సైజు. ఇన్నేళ్ళు ఇంట్లో వట్టి కాళ్ళతో తిరిగి పాదం వెడల్పయింది" అన్నారు. ఉద్యోగం మానేశానని నేను చెప్పనే లేదు. కాళ్ళు చూసి కనిపెట్టేశారు. రోజూ అడుగుతారు, కొన్నావా అని. రేపు కొంటాను అంటాను.

ఇలా ఒకరు నవ్విస్తే ఆ పూట గడిచిపోతుంది. అత్తయ్య కునుకు తీస్తున్నారంటే సంతోషం. ఆవిడకి పగటినిద్ర లేక ఏళ్ళయింది, పడుకోనివ్వండి. ఆ వంగిన చెంచా పర్లేదు, దాన్నే వాడండి.

మీ మరదలు

*

మీ ఇల్లు
సోమవారం

మరదలికి,

ఇక్కడ అంతా బాగానే ఉంది. అమ్మ బాగానే ఉంది. పిల్ల పరీక్షలు బాగానే రాసింది.

యూనిఫాంలు అయిపోయాయి, ఇప్పుడు కర్టెన్లు కుడుతున్నాను. ఎవరో కొత్తిల్లు కట్టారు, కిటికీలు తప్ప గోడలు లేనట్టున్నాయి ఆ ఇంటికి. గుడ్డ నీలం రంగు. లైనింగు తెలుపు. రింగులు వాళ్ళే ఇచ్చారు. ఇదంతా నీకెందుకు రాస్తున్నానో తెలియదు, చేతిలో కలం ఉంది కాబట్టి రాస్తున్నాను.

ఒకటి అడగాలి. అరచెయ్యంత మేర కమిలి నల్లబడితే ఏం పెట్టాలి? నాకే, మిషన్ బల్ల అంచు తగిలింది. తుంటి దగ్గర.

నువ్వు ఇదంతా ఇన్నేళ్ళు ఎలా చేశావు? ఎవరూ నిన్ను అడిగి ఉండరు. నేనూ అడగలేదు. పండగకో పబ్బానికో వచ్చి అమ్మ పక్కన కూర్చుని, నువ్వు పెట్టింది తిని, "అమ్మ ఒళ్ళు కాస్త తేరుకుంది" అని సర్టిఫికెట్టు ఇచ్చి వెళ్ళేదాన్ని. ఇప్పుడు నడుం పట్టేసి రాత్రి అటు తిరగలేను, ఇటు తిరగలేను.

పర్లేదు. నువ్వు నీ పని చూసుకో.

వదిన

*

నర్సుల హాస్టలు
శనివారం

వదిన గారికి,

కమిలిన చోట మొదట్లో చల్లటి గుడ్డ వేయండి, రెండు రోజుల తర్వాత గోరువెచ్చటిది. నొప్పి ఎక్కువుంటే చూపించుకోండి. మిషన్ బల్ల అంచు తుంటికి ఎలా తగిలిందో నాకు అర్థం కాలేదు.

ఇక్కడ నాకు పని మార్చారు. మందుల బండి కొన్నాళ్ళు వద్దని, పక్కలు వెయ్యడం, స్నానాలు చేయించడం చూడమన్నారు. అందరికీ ఇలా మారుస్తూనే ఉంటారు. కిటికీ పక్క మంచం పెద్దాయన్ని వేరే వార్డుకి తీసుకెళ్ళారు. చిన్న సిస్టరుకి తీరిక లేదు, గదిలో కూడా పెద్దగా మాట్లాడుకోవడం లేదు.

వదిన గారూ, నాకు ఈ మధ్య వేరే ఆలోచన వస్తోంది. అత్తయ్యకి నా చెయ్యే అలవాటు. మీకు నడుం నొప్పి, షాపు మూతపడింది. నేను వచ్చేస్తేనే అందరికీ మంచిదేమో. ఈ వయసులో నాకెందుకు ఇదంతా. ఈ పిల్లల మధ్య పడుతూ లేస్తూ నేర్చుకుని ఎవర్ని ఉద్ధరిస్తాను. మీరు ఒక్క మాట రాయండి, "అమ్మకి నువ్వు కావాలి" అని. ఆ ఉత్తరం చూపించి సెలవు పెట్టేసి వచ్చేస్తాను. ఎవరూ ఏమీ అనుకోరు.

మీ మరదలు

*

మీ ఇల్లు
గురువారం

మరదలా,

రాయను.

నువ్వు రావాలనుకుంటే రా, ఇది నీ ఇల్లు. కానీ నా తల్లిని అడ్డం పెట్టుకుని రాకు. ఒకసారి ఆవిడ కోసమని మానేశావు, అప్పుడు అది నిజం. ఇప్పుడు నువ్వు రాసింది నిజం కాదు. నేను గుడ్డ చేత్తో ముట్టుకుంటే కల్తీ చెప్పేస్తాను, ఉత్తరం సంగతి చెప్పలేనా? పక్కలు వెయ్యడం, పని మార్చడం, చిన్న సిస్టరుకి తీరిక లేకపోవడం. అక్కడేదో జరిగింది. చెప్పాలనిపిస్తే చెప్పు, లేకపోతే లేదు.

నిన్ను తిట్టి నేను దాచుకుంటే బాగోదు కాబట్టి నాదీ విను. కమిలింది నాకు కాదు. అమ్మ పడింది. పొద్దున కుర్చీలో కూర్చోబెట్టి దుప్పటి మార్చడానికి అటు తిరిగాను, ఇటు తిరిగే సరికి జారి కింద ఉంది. ఎముక విరగలేదని డాక్టరు అన్నాడు. నువ్వు పరుగెత్తుకొస్తావని రాయలేదు. తమ్ముడికి కూడా చెప్పొద్దని పిల్లతో ఒట్టు వేయించుకున్నాను.

అసలు అమ్మ కుదురుగా లేదు. పొద్దున మాత్ర వేసిన గంటకి తల వాల్చేస్తుంది. పిలిస్తే పలకదు, పలికినా ఎక్కడో ఉన్నట్టు పలుకుతుంది. ఒళ్ళు చల్లబడుతుంది, మొహం తెల్లగా పాలిపోతుంది. సాయంత్రానికి మళ్ళీ మనిషవుతుంది, నన్ను తిట్టేంత ఓపిక వస్తుంది. మర్నాడు పొద్దున మళ్ళీ మామూలే. వయసు మీద పడింది, రోజులు దగ్గర పడ్డాయేమో అని డాక్టరు మెల్లిగా అన్నాడు. నాకు భయంగా ఉంది. మిషన్ తొక్కుతూ ఆ మంచం వైపే చూస్తున్నాను, ఊపిరి తీస్తోందా లేదా అని.

వదిన

*

నర్సుల హాస్టలు
అదే వారం, ఆదివారం

వదినా,

ఫోనులో ఆ ఒక్క మాటే చెప్పి పెట్టేశాను. ఆ పెద్ద మాత్ర నూరొద్దు, ఇవాళ్టిది వెయ్యొద్దు, ఇప్పుడే డాక్టర్ని పిలవండి అని. వార్డు బయట నిలబడి చేశాను. మీరు ఎందుకని అడిగితే ఉత్తరం రాస్తానన్నాను. రాస్తున్నాను.

చెప్పుల షాపు ఆయనకి ఒక రోజు గొంతు నొప్పిగా ఉండి మాత్ర దిగలేదు. దగ్గారు, కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. చిన్న సిస్టరు పక్క మంచం దగ్గర ఉంది. యంత్రం బీప్ అంది, మనిషి సరే, మందు సరే. ఆయన టిఫిన్ పళ్ళెంలో అరటిపండు, గిన్నె, రెండు చెంచాలు ఉన్నాయి. నేను ఆలోచించలేదు వదినా. ఆలోచించే పని అనిపిస్తే కదా. ఇన్నేళ్ళుగా పొద్దున లేచి నేను చేసే మొదటి పని అది. ఒకదానిలో మాత్ర వేసి రెండోదానితో అదిమి, గుజ్జులో కలిపి, చెంచా ఆయనకి చూపించి మరీ నోట్లో పెట్టాను. "ఇలా పెడితే ఎంత బాగుందమ్మా" అన్నారాయన.

అది రోజంతా కొంచెం కొంచెంగా కరిగేలా చేసిన మాత్ర. పైన పెంకు ఉండేది అందుకే. నూరితే రోజంతటి మందూ ఒక్కసారే ఒంట్లోకి దిగుతుంది. పొద్దెక్కే సరికి ఆయన మొహం పాలిపోయింది, బీపీ పడిపోయింది, పిలిస్తే పలకలేదు. కాళ్ళు ఎత్తిపెట్టి, సెలైను పెట్టి, కింది అంతస్తులో ప్రమాదంలో ఉన్నవాళ్ళ వార్డుకి పరుగున తీసుకెళ్ళారు. గుజ్జు గిన్నె అడుగున పొడి చూసి పెద్ద సిస్టరు నా వైపు తిరిగింది. ఎవరు నూరారు అని అడిగింది. నేనే అన్నాను.

మందుల బండి అందుకే తీసేశారు. నన్ను చూసుకోవాల్సింది తనే కాబట్టి చిన్న సిస్టరుకి కూడా మాటలు పడ్డాయి. గదిలో అటు తిరిగి పడుకుంటోంది. నాకు సిగ్గేసింది. మీకు రాస్తే, ఇలాంటి దాని కోసమా షాపు మూసుకుని కూర్చున్నాను అనుకుంటారని రాయలేదు. అత్తయ్య పేరు చెప్పి పారిపోదామనుకున్నాను. మీరు సరిగ్గా పట్టుకున్నారు.

కానీ నన్ను కాలుస్తున్నది అది కాదు. పెంకులా నున్నగా ఉంది, నా బరువంతా వేస్తే గాని పగల్లేదు అని మీరు రాశారు. వేసుకోగానే కునుకు తీస్తోంది అని రాశారు. చదివి నేనేం రాశాను? సంతోషం, పడుకోనివ్వండి అని. సరే, అప్పుడు తెలియదు. ఆయనకి అలా అయ్యాక తెలుసు కదా. అయినా మన ఇల్లు గుర్తు రాలేదు. నన్ను ఉంచుతారా పంపేస్తారా అన్న గోలలో పడి, అవే రెండు చెంచాలతో మీరు రోజూ అదే చేస్తున్నారని తట్టలేదు. మొన్న మీ ఉత్తరంలో "మొహం పాలిపోతుంది" అని చదివే దాకా తట్టలేదు.

ఫోను చేశాక నేరుగా పెద్ద సిస్టరు గదికి వెళ్ళి ఇంటి సంగతి కూడా చెప్పాను. ఆవిడ కలం పక్కన పెట్టి, "ఇంట్లో నువ్వు చేసింది తప్పు అనడానికి నీ వెనక ఎవరూ లేరు. అందుకే అది అలవాటై కూర్చుంది" అంది. తర్వాత, "కింద ఆయన లేచాడు. వెళ్ళి నువ్వే చెప్పు" అంది. ఇక్కడ అదొక పద్ధతట. ఎవరి చేతి మీద జరిగితే వాళ్ళే రోగికి చెప్పాలి.

వెళ్ళాను. ఆయన కూతురు పక్కన ఉంది. అంతా చెప్పాను. "ఈవిణ్ణి మా నాన్న దగ్గరికి ఇంక రానివ్వకండి" అంది ఆ అమ్మాయి, నాతో కాదు, పక్కన ఉన్న సిస్టరుతో. ఆ మాట న్యాయమే. ఆయన నా కాళ్ళ వైపు చూసి, "ఇంకా అవే వేసుకున్నావా" అన్నారు. అంతే, కళ్ళు మూసుకున్నారు.

అత్తయ్యకి కూడా నేనే చెప్పాలి. మీరు చెప్పకండి. వచ్చే ఆదివారం సెలవు దొరికితే వస్తాను. ఆ తర్వాత ఇక్కడికి తిరిగి వెళ్ళాలా వద్దా అన్నది మీరు చెప్పండి. పడింది మీ అమ్మగారు.

మరదలు

*

మీ ఇల్లు
మంగళవారం

మరదలా,

కోపం వచ్చింది. అబద్ధం చెప్పను. నీ ఉత్తరం చదివి మడిచి మిషన్ సొరుగులో పడేసి, కర్టెన్లన్నీ విప్పి మళ్ళీ కుట్టాను. నీ మీద కోపమో, నా మీద కోపమో తేలక కుట్టాను. నేర్పింది నువ్వు, నూరింది నేను. ఆ డాక్టరు మీదా వచ్చింది, ఎలా వేస్తున్నారని ఒక్క మాట అడగలేదు. నేనూ చెప్పలేదు. మనందరిలో అడగాల్సినవాళ్ళు ఎవరూ అడగలేదు.

అమ్మ సంగతి. నీ ఫోను రాగానే ఆపేశాను. డాక్టరు వచ్చి తల గోక్కుని, ఆ మాత్ర తీసేసి నీళ్ళలా ఉండే మందు రాశాడు, చెంచాతో పోసేది. మూడో రోజుకి అమ్మ పొద్దున కళ్ళు తెరిచి కిటికీ వైపు చూసి, "ఆ గుడ్డ రంగేమిటే, దరిద్రంగా" అంది. నేను మిషన్ మీద తల పెట్టి ఏడ్చాను. రోజులు దగ్గర పడ్డ మనిషి కాదు, వట్టి మందు ఎక్కువైన మనిషి.

నువ్వు తిరిగి వెళ్ళాలా అని అడిగావు. ఎవర్ని అడుగుతున్నావు? ఇక్కడ ఇంకో నెల కూర్చోగలను, రెండు నెలలు కూర్చోగలను. నడుం ఉంటుంది, పోతుంది. కానీ ఇంట్లో చేసిన తప్పు నీకు పట్టి చూపించింది ఆ ఆస్పత్రి. నువ్వు ఇక్కడే ఉండి ఉంటే, నువ్వే ఆ మాత్ర నూరేదానివి, అందరం వయసు మీద పడిందనుకునేవాళ్ళం. అది తలుచుకుంటే నాకు నిద్ర పట్టడం లేదు. నేర్చుకునే రా.

ఆదివారం రా. భోజనం నేను వండుతాను, ఎలా ఉన్నా తినాలి.

వదిన

*

మీ ఇల్లు
సోమవారం, నువ్వు వెళ్ళిన మర్నాడు

మరదలు పిల్లా,

బస్సులో కూర్చోడానికి చోటు దొరికిందా? నిన్న నువ్వు వెళ్తుంటే నీ వెనక చూస్తూ నిలబడ్డాను. ఎప్పుడూ ఇంత నెమ్మదిగా నడిచేదానివి కాదు.

అమ్మ నీతో ఒక్క మాట కూడా మాట్లాడలేదని నువ్వు బాధపడుతూ వెళ్ళావు, నాకు తెలుసు. నేల మీద కూర్చుని ఆవిడ చెయ్యి పట్టుకుని అంతా చెప్పావు, ఆవిడేమో గోడ వైపు తిరిగింది. నాకూ అర్థం కాలేదు. రాత్రి మందు పోస్తుంటే చెంచా పట్టుకుని ఆపింది. ఆ తర్వాత ఒక్కో మాటా ఏరుకుంటూ, ఊపిరి తీసుకుంటూ చాలాసేపు చెప్పింది. నేను నీకు చక్కగా కలిపి రాస్తున్నాను.

మనం నూరి పెట్టిన పొడి చేదట. ఇప్పటి మాత్రే కాదు, మొదట్నించీ ప్రతి మాత్రా. ఒక్కోసారి గొంతులో నిప్పు పెట్టినట్టు ఉండేదట. ఇన్నేళ్ళలో ఒక్కసారీ నీకు చెప్పలేదు. ఎందుకే అమ్మా అన్నాను. "దాని ఉద్యోగం మానిపించి కూర్చోబెట్టాను. చేదని ఎలా చెప్పను" అంది.

నిన్న గోడ వైపు తిరిగింది నీ మీద కోపంతో కాదు. ఆ మాట నీ మొహం చూసి చెప్పలేక.

తర్వాత ఇంకోటి చెప్పింది, రాయమంది. "అక్కడ ఎవరికి మందు పెట్టినా ముందు అడగమను. చేదుగా ఉంటే చెప్పమని అడగమను. మాలాంటివాళ్ళం అడగకపోతే చెప్పం." రాశాను.

నీ వదిన

*

నర్సుల హాస్టలు
నెల తర్వాత, శుక్రవారం

వదినా,

అత్తయ్య మాట ఉన్న ఉత్తరం చదివాక చాలా రోజులు జవాబు రాయలేకపోయాను. ఆవిడ మింగిన ఆ చేదంతా నేను పెట్టిందే. ఆవిడ చెప్పలేదని కూడా నాకు కోపం వచ్చింది, వచ్చిందని సిగ్గేసింది. వచ్చాక ఆవిడ పక్కన పడుకుని మాట్లాడుకుంటాం, ఇద్దరికీ చెప్పుకోవాల్సినవి ఉన్నాయి.

ఆరు నెలలూ నిండాయి. ఇవాళ మందుల బండి మళ్ళీ నాకిచ్చారు. పెద్ద సిస్టరు పక్కనే నడిచింది. కిటికీ పక్క మంచంలో ఇప్పుడు ఒకావిడ ఉంది, ఎవరేమడిగినా "పర్లేదమ్మా, పర్లేదమ్మా" అంటుంది. మాత్ర నోట్లో వేసుకుని నాలుక కింద దాచుకుంది. నేను చూశాను. చెయ్యి ఆవిడ పళ్ళెంలో చెంచాల వైపు పోయింది వదినా. ఇంత జరిగాక కూడా పోయింది. వెనక్కి లాక్కున్నాను. మంచం మీద కూర్చుని, గొంతు దిగడం లేదా, చేదుగా ఉందా, చెప్పండి అని అడిగాను. మళ్ళీ పర్లేదంది. మా అత్తయ్య కూడా ఇలాగే ఇన్నేళ్ళు పర్లేదంది అన్నాను. అప్పుడు ఆ మాత్ర అరచేతిలోకి ఉమ్మేసి, "విషంలా ఉంది" అంది.

మందుల గదికి ఫోను చేసి దీన్ని నూరొచ్చా అని అడిగాను. నూరకూడదన్నారు. వేరేది పంపమన్నాను. అది వచ్చే దాకా బండి అక్కడే ఆగిపోయింది, మిగతా మంచాలవాళ్ళు విసుక్కున్నారు. పెద్ద సిస్టరు గడియారం చూసుకుంది. ఏమీ అనలేదు. రౌండు అయ్యాక జేబులోంచి కలం తీసి నా కాగితం మీద సంతకం పెట్టి, "చాలా ఆలస్యం చేస్తావు నువ్వు" అంది, "అలాగే ఉండు" అంది.

చిన్న సిస్టరు గదిలో ఇటు తిరిగి పడుకుంటోంది. పొద్దున తను టీ కలిపితే నాకూ కలిపింది.

అత్తయ్యకి చెప్పండి, అడిగానని. అడిగితే చెప్పారని.

కాళ్ళు మాత్రం ఎప్పట్లాగే లాగుతున్నాయి. డ్యూటీ దిగి నేరుగా బజారుకి వెళ్ళి బూట్లు కొన్నాను, ఒక సైజు పెద్దవి.

మీ మరదలు